గుమాస్తా బల్ల: ఎక్కువ ముట్టిన జీతం

పోయిన నెల ఒక ఆదివారం మన సంఘం గదిలో పత్రికల కట్టలు విప్పి చిరునామాలు అంటిస్తూ కూర్చున్నాము. మా వీధిలోనే ఉండే ఒక పెద్దమనిషి వచ్చి, "నాయనా, ఇది కాస్త చదివి పెట్టు, కళ్ళజోడు ఇంట్లో మరచిపోయాను" అని ఒక కాగితం మా చేతికిచ్చారు. కళ్ళజోడు ఆయన చొక్కాజేబులోనే కనిపిస్తున్నది. అప్పటికి ఆ కాగితాన్ని ఆయన ఎన్నిసార్లు చదువుకున్నారో మడతలను బట్టే తెలుస్తున్నది. మరొకరి నోట విన్నప్పుడైనా అర్థం మారుతుందేమోనన్న ఆశ కాబోలు.

ఆయన ప్రభుత్వ గుమాస్తా. ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉన్నది. కాగితంలోని సారాంశమేమంటే, పదకొండేళ్ళ క్రిందట ఆయన వేతనం నిర్ణయించడంలో పొరపాటు జరిగిందట. అది మొదలు నేటివరకు లక్షకు పైచిలుకు ఎక్కువగా ముట్టిందట. ఆ మొత్తాన్ని ఎందుకు వసూలు చేయరాదో 15 రోజులలోగా తెలుపవలెనట. మేము చదివి ముగించాక ఆయన లెక్కను గురించి ఏమీ అడగలేదు. "అయితే నేను దొంగసొమ్ము తిన్నట్టేనా?" అన్నారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు కొంత అర్హత ఉన్నది. జీతాల బిల్లులు వ్రాసే బల్ల దగ్గర మేము చాలా ఏళ్ళు కూర్చున్నాము. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఇటువంటి పొరపాటు ఒకటి మా చేతిమీదుగానే జరిగింది. ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ దానిని గురించి వ్రాయలేదు. ఈసారి వ్రాయక తప్పదు.

కేంద్ర ఉద్యోగులకు ఆరవ వేతన సంఘం ప్రకారం కొత్త జీతాల నియమాలు 2008 ఆగస్టు 29న వెలువడినవి. వాటిని 2006 జనవరి 1 నుంచి అమలు జరపాలి. బకాయిలో నూటికి 40 వంతులు ఆ ఆర్థిక సంవత్సరంలోనే చేతికివ్వాలని, మిగిలిన 60 వంతులు మరుసటి సంవత్సరమని ఉత్తరువు. పండుగలు దగ్గరకు వస్తున్నవి. మనిషి మనిషికీ రెండున్నరేళ్ళ లెక్క వెనక్కు వెళ్ళి మళ్ళీ కట్టాలి. రాత్రి తొమ్మిది దాటినా మా గదిలో దీపాలు ఆరేవి కావు. అప్పటికి మేము కుర్రవాళ్ళము. లెక్కలంటే భయం లేదు. ఆ భయం లేకపోవడమే కొంప ముంచింది.

పాత పద్ధతిలో ఇంక్రిమెంటు ఎవరి నెలలో వారికి వచ్చేది, ఒకరికి మార్చిలో, ఒకరికి నవంబరులో. కొత్త నియమాలలో అందరికీ జులై 1వ తేదీయే. మా ఆఫీసులో ఒక ప్యూను ఉండేవాడు. కొత్త నియమాలు వచ్చాక ఆ పదవికి మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అనే పెద్ద పేరు వచ్చింది గాని, మోసేవి మాత్రం ఆ ఫైళ్ళే. అతని పాత ఇంక్రిమెంటు నెల అక్టోబరు. 2008 జులై ఇంక్రిమెంటు కొత్త లెక్కలో సరిగానే వేశాము. అక్టోబరు రాగానే పాత రిజిస్టరు పుట తిప్పి, అక్కడ అతని పేరు కనబడగా, అలవాటు చొప్పున మరొకటి వేశాము. 240 రూపాయలు. బడబాబు టిక్కు పెట్టాడు, ఆఫీసరు సంతకం చేశాడు, బిల్లు పాసయింది.

240 రూపాయల తప్పు 240 దగ్గర ఆగదు. అది మూలవేతనంలో కూర్చుంటుంది. దానిమీద ప్రతి ఏడూ నూటికి 3 వంతుల పెరుగుదల. పైగా కరువుభత్యం. ఆనాడు కరువుభత్యం నూటికి 16 గనుక, తప్పు నెలకు 278 రూపాయలయింది. 2014 జనవరికి కరువుభత్యం నూటికి నూరయింది. మధ్య ఇంక్రిమెంట్లు కూడా కలిసి, ఆ తప్పు అప్పటికి నెలకు 560 దాకా పెరిగింది. 2016 జనవరి 1 నుంచి ఏడవ వేతన సంఘం లెక్కలో పాత మూలవేతనాన్ని 2.57తో గుణించారు. మా తప్పునూ గుణించారు. ఇంట్లో చెదలు ఎలా పెరుగుతుందో అలా పెరిగింది. పైకి ఏమీ కనబడలేదు.

2019 అక్టోబరు నెలాఖరున ఆ ప్యూను రిటైరు కావాలి. పింఛను కాగితాల కోసం ఆ వేసవిలో సర్వీసు బుక్కు తీశారు. అప్పటికి మేము వేరే బల్లకు మారాము. బిల్లుల బల్ల దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి చురుకైనది. జులై, అక్టోబరు రెండూ పక్కపక్కనే ఉండడం ఆమె కంట పడ్డది. మొత్తం లెక్క కట్టగా దాదాపు 80 వేలు తేలింది. పుస్తకం పట్టుకుని మా దగ్గరకే వచ్చి, "ఈ వ్రాత ఎవరిది సార్?" అని అడిగింది. 7 అంకెకు నడుమ అడ్డగీత పెట్టే అలవాటు ఆ గదిలో మాకు ఒక్కరికే ఉన్నది. చూడగానే తెలిసింది. "చూచి చెబుతాము" అన్నాము. ఆ పూట చెప్పలేదు.

బడబాబు మంచివాడు. ఈ మాట ఊరికే అనడం లేదు. ప్యూను మీద కోపం గాని, చెడ్డ తలంపు గాని అతనికి లేవు. మొత్తం గ్రాట్యుయిటీ నుంచి ఒకేసారి మినహాయిస్తే పింఛను ఫైలు అడ్డు లేకుండా కదులుతుందని, లేకపోతే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు వారు తిప్పి పంపుతారని అతని లెక్క. అందుకని ఒక అంగీకారపత్రం టైపు చేయించాడు. "నాకు ఎక్కువగా ముట్టిన సొమ్మును నా గ్రాట్యుయిటీ నుంచి మినహాయించుకొనుటకు నాకెట్టి అభ్యంతరము లేదు" అని దాని అర్థం. భాష ఆంగ్లం. ప్యూనుకు తెలుగు, ఒడియా రెండూ మాట్లాడడం వచ్చు. చదవడమంటే తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఆంగ్లంలో వచ్చినది తన సంతకం ఒక్కటే.

కాగితం, కలం పట్టుకుని అతను మా బల్ల దగ్గరకు వచ్చి, "ఎక్కడ సెయ్యాలి బాబూ?" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఏ కాగితం మీదైనా మేము వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసినవాడు. ఆ రోజు వేలు పెట్టలేకపోయాము. కూర్చోబెట్టి కాగితమంతా తెలుగులో చెప్పాము. తప్పు వేసిన చేయి మాదేనని కూడా చెప్పాము. అతను చాలాసేపు మాట్లాడలేదు. "నానెప్పుడైనా ఎక్కువ కావాలని అడిగేనా బాబూ?" అన్నాడు. మరి కొంచెంసేపు ఆగి, "ఇది బయటికొస్తే తమరికేటైనా అవుతాదా?" అన్నాడు. ఆ రెండవ ప్రశ్న మమ్మల్ని ఈనాటికీ వదలలేదు.

అవుతుందనే మా భయం. పొరపాటు చెల్లింపు జరిగిన చోట అజాగ్రత్త ఎవరిదో గుర్తించి, వారిపై చర్య ఆలోచించాలని 2014 ఫిబ్రవరి 6 నాటి కేంద్ర ఉత్తరువులో ఉన్నది. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో చెప్పాము. "ఆయన ఇల్లు చూశారా మీరు?" అన్నది. చూశాము. రెండు గదులకు గోడలు లేచి, స్లాబు కోసం గ్రాట్యుయిటీని కనిపెట్టుకుని ఉన్నవి.

రెండు రాత్రులు నియమాల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాము. ఆనాడు అమలులో ఉన్న 1972 నాటి కేంద్ర పింఛను నియమాలలో ఒక ముక్క కనబడింది. రిటైరయ్యే ఉద్యోగి జీతం సరిగా ఉన్నదో లేదో పింఛను కోసం చూడవలసినది చివరి 24 నెలలకు మాత్రమే. అంతకు వెనుకటి కాలం తవ్వరాదు. అదే నియమాలలో, సర్వీసు 18 ఏళ్ళు నిండినప్పుడు ఒకసారి, రిటైరుమెంటుకు 5 ఏళ్ళ ముందు మరొకసారి సర్వీసును సరిచూచి ఉద్యోగికి సర్టిఫికెట్టు ఇవ్వాలని ఉన్నది. అంటే తప్పు దొరకవలసిన సమయాలు వేరే ఉన్నవి. ఆ సమయాలలో ఆఫీసు నిద్రపోయి, చివరి రోజున మేలుకుని పేదవాడి జేబు పట్టుకోకూడదని నియమం వ్రాసినవారి అభిప్రాయమని మా నమ్మకం.

ఇక సుప్రీంకోర్టు మాట. పంజాబు ప్రభుత్వానికీ, రఫీక్ మసీహ్ అనే ఉద్యోగికీ జరిగిన కేసులో 2014 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. కేసు పేరులో అతని పేరు పక్కనే "వైట్ వాషర్" అని ఉంటుంది, అంటే గోడలకు సున్నం వేసేవాడు. దేశంలోని గుమాస్తాలందరూ ఇవాళ తమ జవాబులలో ఉదాహరించేది ఆ సున్నం వేసేవాడి పేరే. జస్టిస్ ఖేహర్, జస్టిస్ అరుణ్ మిశ్రా ఆ తీర్పులో, ఉద్యోగి తప్పు లేకుండా ఎక్కువ ముట్టినప్పుడు వసూలు చేయరాని సందర్భాలు అయిదు చెప్పారు. మూడవ, నాలుగవ తరగతి ఉద్యోగుల నుంచి వసూలు చేయరాదు. రిటైరయినవారి నుంచి గాని, ఏడాదిలోపల రిటైరు కాబోయేవారి నుంచి గాని చేయరాదు. వసూలు ఉత్తరువుకు ముందు అయిదేళ్ళు మించిన కాలం ఎక్కువ చెల్లింపు జరిగి ఉంటే చేయరాదు. అర్హత లేకున్నా పై పదవి పని చేయించుకుని ఆ జీతమిచ్చి ఉంటే, దానినీ తిరిగి అడగరాదు. చివరిది, వసూలు చేయడం మరీ అన్యాయంగా, కఠినంగా తోచే మరే సందర్భమైనా. మా ప్యూను మొదటి మూడింటిలోకీ వచ్చాడు. 2016 మార్చి 2న కేంద్రం కూడా ఈ తీర్పును అనుసరించి ఉత్తరువు ఇచ్చింది. అయితే మాఫీ చేయాలంటే ఖర్చుల శాఖవారి అనుమతి ఉండాలన్నది.

జవాబు మేమే వ్రాశాము. "ఈ పొరపాటు ఆఫీసులో జరిగినది, నేను ఎటువంటి తప్పుడు సమాచారమూ ఇవ్వలేదు" అన్న వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. ప్యూను సంతకం చేశాడు. మరుసటి రోజు మేము వేరే కాగితం మీద, ఆ నమోదు మా వ్రాతేనని ఆఫీసరుకు వ్రాసి ఇచ్చాము. బడబాబు తల పట్టుకున్నాడు. "మీకేం పట్టింది, అతను సంతకం చేసేవాడే గదా!" అన్నాడు. చేసేవాడే. మా బాధ అదే.

ఫైలు పైకి వెళ్ళింది. ప్రశ్నలు వచ్చినవి, జవాబులు వెళ్ళినవి. 2020లో లాక్‌డౌను వచ్చింది. ఆ వానకాలం అతని గదులమీద నల్ల పాలిథిన్ పరదా ఉండేది. రిటైరయిన పదకొండు నెలలకు మాఫీ ఉత్తరువు, దాని వెంట పూర్తి గ్రాట్యుయిటీ వచ్చినవి. పింఛను మాత్రం సరిచేసిన జీతం మీదనే కట్టారు. అది న్యాయమే. జరిగిన తప్పును మాఫీ చేయవచ్చు గాని, ఇక ముందు కూడా సాగనివ్వడానికి ఎవరికీ హక్కు లేదు. మాకు మెమో ఇచ్చి సంజాయిషీ అడిగారు. ఇచ్చాము. హెచ్చరికతో వదిలిపెట్టారు.

చదువరులలో కొందరు, "ప్రజల సొమ్ము గదా, తిరిగి తీసుకుంటే తప్పేమిటి?" అనవచ్చు. ఆ మాటను తోసివేయలేము. 2012లో ఉత్తరాఖండ్ ఉపాధ్యాయుల కేసులో సుప్రీంకోర్టే ఆ మాట అన్నది: ఆ డబ్బు పన్నులు కట్టినవారిది, ఇచ్చిన అధికారిదీ కాదు, పుచ్చుకున్నవాడిదీ కాదు, కనుక వసూలు చేయవచ్చునని. అంతకు పూర్వం 1994లో హర్యానాలోని ఒక కళాశాల లైబ్రేరియను విషయంలో, తప్పు అతనిది కాదు గనుక తిరిగి తీసుకోవద్దన్నది. ఇలా రెండు ప్రవాహాలు ఎదురెదురుగా నడచినవి. ఒక సంగతి మాత్రం కోర్టులు పదేపదే చెప్పినవి: వసూలు ఆపడం ఉద్యోగికి ఉన్న హక్కు వలన కాదు, అతనికి కలిగే కష్టాన్ని చూచి ఇచ్చే ఉపశమనమే అని. తనకు రావలసినదానికంటె ఎక్కువ వస్తున్నదని తెలిసీ ఊరుకున్నవాడికి గాని, దొంగ కాగితం పెట్టినవాడికి గాని ఈ ఉపశమనం లేదు. సర్కారీ క్వార్టర్సులో ఉంటూ ఇంటి అద్దె భత్యం పుచ్చుకునే మహానుభావులను మేమెరుగుదుము. వారికోసం ఈ వ్యాసం వ్రాయడం లేదు.

కేరళలో ఒక ఉపాధ్యాయుడు 1999లో రిటైరయ్యాడు. థామస్ డేనియల్ కేసు అంటారు. అతని దగ్గర వసూలు చేయరాదని సుప్రీంకోర్టు తేల్చినది 2022 మే 2న. ఇరవై మూడేళ్ళు! ఆ తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీరు 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు. మన ఒడిశా సంగతే చూడండి. కటకం జిల్లా జడ్జి ఆఫీసు పరిధిలో స్టెనోగ్రాఫర్లుగా చేసి రిటైరయినవారిని, మూడేళ్ళ తర్వాత, ఒక్కొక్కరు 20 వేలో 40 వేలో తిరిగి కట్టాలన్నారు. వారి మాట వినకుండానే ఉత్తరువిచ్చారు. ఆ ఉత్తరువును 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కోర్టులో పనిచేసినవారే ఢిల్లీ దాకా వెళ్ళవలసి వచ్చిందంటే, ప్యూను మాటేమిటి?

ఇంతా చెప్పి ఒక చిక్కును దాచడం తగదు. వేతన సవరణ జరిగిన ప్రతిసారీ ఆప్షను ఫారంతోపాటు ఒక హామీపత్రం మీద సంతకం తీసుకుంటారు. నియమాలకు విరుద్ధంగా జీతం నిర్ణయమైందని తర్వాత తేలితే ఎక్కువైన సొమ్ము తిరిగి ఇస్తానని అందులో ఉంటుంది. 2008లోనూ ఉన్నది, 2016లోనూ ఉన్నది. మేమే వందలకొద్దీ సంతకాలు చేయించాము. ఒక్కరూ చదవలేదు, మేమూ చదివి వినిపించలేదు. 2016 జులైలో పంజాబు హర్యానా హైకోర్టుకూ, జగదేవ్ సింగ్ అనే న్యాయాధికారికీ జరిగిన కేసులో, అటువంటి హామీ ఇచ్చినవాడు దానికి కట్టుబడవలసిందేనని సుప్రీంకోర్టు అన్నది. ఆయన పెద్ద అధికారి. చిన్న ఉద్యోగికి కూడా దీనిని అంతే గట్టిగా వర్తింపజేయాలని ఆఫీసులు వాదిస్తూనే ఉన్నవి. కనుక జవాబు వ్రాసేటప్పుడు హామీపత్రం సంగతి దాటవేయకుండా, తమ తరగతినీ, రిటైరుమెంటు తేదీనీ, గడిచిన ఏళ్ళనూ స్పష్టంగా వ్రాయాలి. ఎనిమిదవ వేతన సంఘం 2025లో ఏర్పడింది. సవరణ వచ్చిననాడు ఆ ఫారాలు మళ్ళీ వస్తవి. అప్పుడు మన ఇళ్ళలో చదువుకున్న పిల్లలెవరైనా పెద్దవారి పక్కన కూర్చుని, సంతకానికి ముందు చదివి చెప్పాలి.

జీతం చీటీ కూడా చూచుకుంటూ ఉండాలి. ఏడవ వేతన సంఘం తర్వాత కేంద్ర ఉద్యోగులకు ఇంక్రిమెంటు తేదీలు జనవరి 1, జులై 1 అని రెండయినవి గాని, ఒక మనిషికి ఏడాదిలో ఒకటే. రెండు వచ్చినవంటే సంతోషించకుండా, ఆ నెలలోనే ఒక కాగితం వ్రాసి ఇచ్చి నకలు దాచుకోవాలి. అప్పుడు తిరిగి కట్టవలసినది 300 రూపాయలు, పదకొండేళ్ళ తర్వాత లక్ష. సర్వీసు బుక్కును ఏటేటా ఉద్యోగికి చూపి సంతకం తీసుకోవాలని నియమమున్నది. చూపకపోతే అడగండి. అడిగితే గుమాస్తా విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఇక మా వీధి పెద్దమనిషి సంగతి. దొంగసొమ్ము కాదని చెప్పాము. ఆయనా మూడవ తరగతివారే, రిటైరుమెంటు ఏడాదిలోపలే, అయిదేళ్ళు ఎప్పుడో దాటినవి. జవాబు సిద్ధం చేసి నాలుగవ నాటి సాయంకాలం వారింటికి తీసుకువెళ్ళాము. పిన్నిగారు కాఫీ ఇచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆయన జేబులోని కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివారు. రెండు చోట్ల మా ఆంగ్లం కూడా దిద్దారు. సంతకం చేసి, "నకలు మీద ముద్ర వేయించుకోవాలి గదా?" అన్నారు. మరునాడు తామే వెళ్ళి వేయించుకుని వచ్చారు. జవాబు ఇంకా రాలేదు.